అభిషేకం దైవజనుడిదేనా, విశ్వాసులందరిదా?

రాజోలు సోదరుడు:
అందరికీ వందనాలు. ఈమధ్య మా వైపు జరిగిన స్వస్థత కూటాల్లో వేదిక పక్కన బల్ల వేసి అభిషేక తైలం, అంటే ప్రార్థించి ఒంటికి రాసే నూనె, సీసాలు పెట్టారు. దగ్గుమందు సీసా అంత ఉంటుంది, కానుక రెండొందలు. అరటిగెలలు మోసి బతికే మా వీధి ఆయన, భార్యకి కిడ్నీ జబ్బని రెండు సీసాలు కొన్నాడు. ఇదేం పద్ధతండీ అని అడిగితే, "నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అని బైబిల్లో కీర్తన 105 చూపించి, దేవుడు తన పనికి ప్రత్యేకించిన దైవజనుణ్ణి, అంటే బోధకుణ్ణి, ప్రశ్నించకూడదని నా నోరు మూయించారు.

ఆ 15వ వచనానికి ముందున్నవి చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరదేశులుగా తిరిగేటప్పుడు రాజులు వాళ్లకి హాని చేయకుండా దేవుడు కాపాడిన సంగతి అది. బోధను ప్రశ్నించొద్దని అందులో ఎక్కడా లేదు. తనని చంపజూసిన సౌలు అభిషేకం పొందిన రాజని దావీదు అతని మీద చెయ్యెత్తలేదు, నిజమే. కానీ నీవు చేస్తున్నది అన్యాయమని ఎదురుగా నిలబడి చెప్పాడు. అంతియొకయలో పౌలు, తనలాగే అపొస్తలుడైన పేతురును అందరి ముందే నిలదీశాడు.

అసలు యోహాను రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం చూడండి. పరిశుద్ధునివలన అభిషేకం పొందారని యోహాను చెప్పింది సంఘమంతటికీ. ఎందుకు చెప్పాడు? మోసపరిచేవాళ్లు బయల్దేరారు, మీలో ఉన్న అభిషేకమే మీకు బోధిస్తుంది అని. బోధకుణ్ణి పరీక్షించమని విశ్వాసికి ఇచ్చినదాన్ని విశ్వాసి నోరు కట్టేయడానికి వాడుతున్నారు. నా బాధంతా అదే.

భీమవరం సిస్టర్:
అన్నా, సీసాల సంగతిలో నేను మీతోనే ఉన్నాను. నిర్గమకాండం 30లో అభిషేక తైలానికి గోపరసమనే సుగంధ ద్రవ్యం 500 తులాలని కొలతలు చెప్పి మరీ, అలాంటి తైలం ఇంకెవరూ కలపకూడదన్నాడు దేవుడు. అయితే నూనె ప్రార్థనని మాత్రం తక్కువ చేయకండి. మా నాన్నగారు మంచాన పడ్డప్పుడు సంఘ పెద్దలు ఇంటికొచ్చారు. మెడికల్ షాపులో కొన్న ఆలివ్ నూనె స్టీలు మూతలో పోసి, వేలు ముంచి నుదుటికి రాసి, మోకాళ్లేసి ప్రార్థించారు. ఆయన బతకలేదు. కానీ ఆ రాత్రి భయం లేకుండా నిద్రపోయారు. మార్కు 6:13లో శిష్యులు నూనె రాశారు, యాకోబు 5:14 రాయమంది. మనకెందుకు వద్దు?

నరసాపురం పెద్దాయన:
అమ్మా, మాది బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరల కాలం నాటి సంఘం. వాళ్లు 1836లో ఈ దేశానికి వచ్చారు. మా దగ్గర రొట్టె విరిచే ఆరాధనలో ఏ సహోదరుడైనా లేచి ప్రార్థిస్తాడు, అభిషిక్తుడని వేరే కుర్చీ ఉండదు. నూనె ఆనాటి వైద్యం. మంచి సమరయుడు గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు కదా. ఇప్పుడు ప్రార్థన చేసి ఆస్పత్రికి తీసుకెళ్తే చాలు.

రాజోలు సోదరుడు:
పెద్దాయనా, ఆస్పత్రి మాట నూటికి నూరుపాళ్లు. డయాలసిస్ మానేసి నూనె రాసుకోమనేవాణ్ణి దైవజనుడని నేను పిలవను. కానీ నూనె వైద్యమే అయితే యాకోబు 5లో సంఘ పెద్దల్ని ఎందుకు పిలవమన్నాడు? ఆ అధ్యాయంలో రోగి కూటానికి వెళ్లడు, పెద్దలే అతని దగ్గరికి వస్తారు. ఒక్కడు కాదు, పెద్దలు. స్వస్థపరిచేది విశ్వాససహితమైన ప్రార్థన అని రాశాడు, సీసా అని రాయలేదు. సిస్టర్ వాళ్లింట్లో జరిగింది సరిగ్గా అదే. డబ్బు మాటకొస్తే, అపొస్తలుల కార్యములు 8లో సీమోను దేవుని వరాన్ని కొనాలని వెండి తెస్తే, నీ వెండి నీతోపాటే నశించాలని పేతురు అన్నాడు.

భీమవరం సిస్టర్:
ఒక్కటి అడుగుతాను. అందరూ పరీక్షించాలంటున్నారు. మా కూటానికి వచ్చే అక్కల్లో చాలామందికి చదవడం రాదు. వరి కోతల నుంచి నేరుగా వస్తారు. వాళ్లు ఏం చూసి పరీక్షిస్తారు? అందుకే అభిషేకం గల సేవకుడు కావాలంటున్నాను.

రాజోలు సోదరుడు:
సేవకుడు కావాలి సిస్టర్, కాదనను. వరాలు వేరువేరు. కానీ యోహాను పత్రిక కూడా సంఘంలో ఒకరు చదివితే మిగతావాళ్లు విన్నదే. ఆ అక్కలకి వాక్యభాగం మొత్తం చదివి వినిపించండి, ఒక్క వచనం తుంచి కాదు. ప్రసంగం అయ్యాక అడగనివ్వండి. అడిగినావిడని గద్దించే బోధకుడు ఎంత నూనె రాసినా నేను వినను.