అప్‌డేట్: ఏరువాక రోజే కంది వేయాలా అని అడిగాను కదా
మా చెలకలో (వానమీద ఆధారపడ్డ మెట్ట చేను) ఏరువాక పున్నమి (దుక్కి మొదలుపెట్టే జ్యేష్ఠ పౌర్ణమి పండగ) నాడే విత్తనం పడాలని నాన్న పట్టు, మృగశిర కార్తెలో చిరుజల్లు తప్ప పడలేదని నా టెన్షన్. 60-70 మిల్లీమీటర్ల వాన పడేదాకా ఆగమని మీలో చాలామంది చెప్పారు. ఆ మాట అంటే నాన్న మొహం మాడ్చుకున్నారు. దారి చూపింది అమ్మే: ఆ రోజు అరక కట్టి నాలుగు సాళ్లు దున్నండి, గింజల సంగతి తర్వాత అంది.

పొద్దున్నే ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు వేసి, గంటలు కట్టి, నాగలికి కొబ్బరికాయ కొట్టి పొంగలి తినిపించాం (ఎర్రెద్దు తనది నాకేసి పక్కదాని విస్తరిలోనూ మూతి పెట్టింది, దానికి భక్తి ఎక్కువ). నాన్న చెప్పులు విడిచి దున్నారు. సాలులో రెండు వేళ్ల లోతే తడి, కింద దుమ్ము. మట్టి పిసికి చూసి, ఏమీ అనకుండా వెళ్లి విత్తనాల సంచి మూతి కట్టేశారు.

ఆరుద్ర కార్తెలో గట్టి వాన పడింది. కంది వేశాం, సాళ్ల మధ్య పెసర. రెండూ మొలిచాయి, గట్టు పక్కన మాత్రం నెమళ్లు కెలికేశాయి, అక్కడ మళ్లీ వేయాలి. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. నాన్న మాత్రం అంతా పూజ ఫలితమే అంటున్నారు, నేను వాదించట్లేదు.