షూబర్ట్ స్ట్రింగ్ ట్రయోలు తేలిక సంగీతమేనా?

చిక్కడపల్లి_వయొలిన్:
నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. త్యాగరాయ గానసభ కచేరీలు వింటూ పెరిగాను. ఈ మధ్య పాశ్చాత్య సంగీతకర్త షూబర్ట్ రాసిన స్ట్రింగ్ ట్రయో, అంటే మూడు తీగ వాద్యాల రచన, డి 471 (డి అంటే ఆయన రచనల జాబితాలో నంబరు) విన్నాను. వయొలిన్, వయోలా (కాస్త పెద్ద వయొలిన్), చెల్లో (ఇంకా పెద్దది, మంద్రం), అంతే. బాగా నచ్చింది. కానీ నాలుగు వాద్యాల క్వార్టెట్ల పక్కన పెడితే పలచగా అనిపించింది, పైగా ఒక్క భాగంతోనే అయిపోయింది. ఇవి సరదాకి రాసుకున్నవేనా? ఇంకా ఏం వినాలి?

మారేడ్‌పల్లి_వయోలా:
తేలిక అని మాత్రం అనకండి! ఆదివారాలు మా ఇంట్లో ముగ్గురం కూర్చుని ఇవే వాయిస్తాం, నాది వయోలా. క్వార్టెట్‌లో అయితే రెండో వయొలిన్ ఉంది కదా అని కాస్త ఊపిరి తీసుకుంటాను. ఇక్కడ ఆ వీలు లేదు. ఒకేసారి నాలుగు స్వరాలు మోగాలంటే ఎవరో ఒకరు రెండు తీగల మీద కమాను లాగాల్సిందే. శ్రుతి ఏమాత్రం జారినా గదిలో అందరికీ తెలిసిపోతుంది, ఆ టెన్షన్ వాయించేవాళ్లకే తెలుసు. మీకు పలచగా అనిపించింది అందుకే. ఎవరి స్వరమూ ఇంకొకరి చాటున లేదు.

డి 471 రాసింది 1816లో, షూబర్ట్‌కి 19 ఏళ్లప్పుడు. మొదటి భాగం పూర్తి చేసి, రెండోదాన్ని 39 బార్ల (తాళం ఆవర్తాల్లాంటి చిన్న కొలతలు) దగ్గర వదిలేశాడు. మరుసటి ఏడాది రాసిన డి 581లో నాలుగు భాగాలూ ఉన్నాయి. అందులో మినుయెట్ (నాట్యం తరహా భాగం) మధ్యలో వచ్చే ముక్క వినండి, పాట వయోలాకి దక్కుతుంది. ఇంట్లో వాళ్లతో క్వార్టెట్ వాయించేటప్పుడు షూబర్ట్ పట్టుకున్నది వయోలానే. ఆ ఇష్టం నాకు అక్కడ స్పష్టంగా వినిపిస్తుంది.

తార్నాక_శ్రోత:
'సరదాకి' అన్న మాటకి కారణం లేకపోలేదండి. మోజార్ట్ 1788లో రాసిన స్ట్రింగ్ ట్రయో కె 563కి (కె కూడా జాబితా నంబరే) డివర్టిమెంటో అనే పేరు, ఆరు భాగాలు. పేరు వినోదానిదే, లోపల సంగీతం మాత్రం చాలా లోతు. 1798లో అచ్చయిన బీథోవెన్ ఓపస్ 9 (ఓపస్ అంటే రచన నంబరు) మూడు ట్రయోల్లో ఆ వినోదం పేరు కూడా లేదు, ఒక్కోటి నాలుగు భాగాలు. మూడోది, సి మైనర్‌ది, ముందు వినండి. ముగ్గురూ కలిసి నాలుగు స్వరాలు దిగుతూ మొదలుపెడతారు, ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత ఆయన క్వార్టెట్లవైపు వెళ్లి మళ్లీ స్ట్రింగ్ ట్రయో రాయలేదు. షూమన్, బ్రామ్స్ కూడా రాయలేదు. నాకు అది పెద్ద లోటు.

చిక్కడపల్లి_వయొలిన్:
చాలా థాంక్స్ అండీ. నాకు స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) రాదు. వింటూ పోతే సరిపోతుందా?

మారేడ్‌పల్లి_వయోలా:
సరిపోతుంది. డి 581 మొదటిసారి చెల్లోని మాత్రమే పట్టుకుని వినండి, తర్వాత వయోలాని. పై వయొలిన్ మీ చెవికి ఎలాగూ అందుతుంది.