ఆర్‌ఎక్స్ 100: వేడెక్కాక రేసింగ్ దిగడం లేదు, పైగా తెల్లపొగ. బోర్‌కి ఇచ్చే ముందు ఇంట్లో ఏం చూడాలి?

షెడ్‌లో_ఆర్‌ఎక్స్ (ప్రశ్న)

1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100. కొన్నేళ్లుగా నడపకుండా ఉంచిన బండి. ట్యాంక్ కడిగి, కార్బొరేటర్ విప్పి శుభ్రం చేసి, కొత్త ప్లగ్ వేశాక చల్లగా ఉన్నప్పుడు తేలిగ్గానే స్టార్ట్ అవుతోంది. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాక యాక్సిలరేటర్ వదిలినా రేసింగ్ (ఇంజన్ వేగం) వెంటనే దిగదు. ఐడిలింగ్ స్క్రూ తగ్గిస్తే మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతుంది. ఇంజన్ బాగా వేడెక్కినా పొగ తగ్గదు, సైలెన్సర్ చివర నల్లటి జిడ్డు కారుతోంది. ప్లగ్ తడిగా, నల్లగా ఉంటోంది. టూటీ పంపు (ఇంజన్‌కి టూ స్ట్రోక్ ఆయిల్ పంపేది) పని చేస్తోంది, కేబుల్ గుర్తు కూడా సరిపోయింది.

"ప్లగ్ నల్లగా ఉందంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, ఎయిర్ స్క్రూ విప్పు, పిస్టన్ రింగులు పోయాయి, బోర్ చేయించు (సిలిండర్ లోపల కోయించి పెద్దది చేయించు)" అంటున్నారు. బ్లాక్ (సిలిండర్) విప్పే ముందు ఇంకేమైనా చూడాలా? సాకెట్ సెట్, ఫీలర్ గేజ్ ఉన్నాయి. మాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే అయస్కాంత చక్రం) ఊడదీసే పుల్లర్ లేదు.

క్రాంక్‌కేస్

అన్నా, ముందు ఎయిర్ స్క్రూ ముట్టుకోకండి. ఆ ప్లగ్ నలుపు పెట్రోల్‌ది కాదనిపిస్తోంది, గేర్ ఆయిల్‌ది. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఈ పొరపాటు జరుగుతుంది.

టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింది గది కూడా ఒక పంపులా పని చేస్తుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు అది పీల్చుకుంటుంది, కిందికి వచ్చినప్పుడు నెడుతుంది. క్రాంక్‌కి (పిస్టన్ తిప్పే ఇరుసుకి) రెండు పక్కలా ఉన్న ఆయిల్ సీళ్లు ఆ గదిని మూసి ఉంచాలి. బండి ఏళ్ల తరబడి కదలకపోతే వాటి రబ్బరు పెదవి గట్టిపడుతుంది. ఎడమ పక్క, అంటే మాగ్నెట్ వైపు సీల్ పోతే గాలి లోపలికి వస్తుంది, మిక్చర్ పలచబడుతుంది (గాలిలో పెట్రోల్ పాలు తగ్గుతుంది), రేసింగ్ దిగదు. కుడి పక్క, క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి వెళ్లి కాలుతుంది, పొగ ఆగదు. మీరు చెప్పిన లక్షణాల్లో రెండూ ఉన్నాయి.

ఇప్పుడు నలుపు చూసి ఎయిర్ స్క్రూ విప్పితే ఏమవుతుంది? ఈ కార్బొరేటర్‌లో అది గాలి స్క్రూ. బయటికి తిప్పితే మిక్చర్ ఇంకా పలచబడుతుంది. అసలే గాలి లీకవుతున్న ఇంజన్ హైవే మీద వేడెక్కి సీజ్ అవుతుంది, అంటే పిస్టన్ పట్టేస్తుంది. మెయిన్ జెట్ (థ్రాటిల్ బాగా తెరిచినప్పుడు పెట్రోల్ ఇచ్చే రంధ్రం) పెద్దది వేసినా ప్రయోజనం లేదు. లీకు దెబ్బ ఎక్కువగా తగిలేది థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు, అప్పుడు మెయిన్ జెట్‌కి పనే ఉండదు.

పుల్లర్ లేకుండానే చేయగల పరీక్షలు మూడు ఉన్నాయి. రేసింగ్ పైన నిలిచినప్పుడు చోక్ (మిక్చర్‌లో పెట్రోల్ పాలు పెంచేది) కొంచెం ఎత్తండి. రేసింగ్ దిగి ఇంజన్ స్థిరపడితే మిక్చర్ పలచగా ఉన్నట్టే. తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, కార్బొరేటర్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉన్న రబ్బరు జాయింట్ చుట్టూ డబ్ల్యూడీ-40 కొద్దిగా కొట్టండి. శబ్దం మారితే సీల్ కంటే ముందు ఆ జాయింట్ మార్చాలి, రబ్బరు వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. మూడోది, గేర్ ఆయిల్ పూర్తిగా దించి కొలవండి, వాసన చూడండి. లెవెల్ తగ్గి, పెట్రోల్ వాసన వస్తుంటే క్లచ్ సీల్ పోయినట్టే. పిస్టన్ దిగేటప్పుడు మిక్చర్ అటు వెళ్తుంది, ఎక్కేటప్పుడు ఆయిల్ ఇటు వస్తుంది.

బీపీ_గేజ్

పై మాటే నాదీ. అనుమానం మీద ఇంజన్ విప్పే బదులు ప్రెషర్ టెస్ట్ చేస్తే తేలిపోతుంది. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పాత బీపీ మిషన్‌లోని పంపు బంతి, ముల్లు గేజ్ చాలు. దాని గరిష్ఠం 300 మి.మీ. (పాదరసం), అంటే సుమారు 5.8 పీఎస్ఐ. ఇంత చిన్న ఇంజన్‌కి అంతకు మించి అవసరం లేదు, ఎక్కువైతే సీళ్లే జారి బయటికొస్తాయి.

సైలెన్సర్, కార్బొరేటర్ తీసేయండి. ఎగ్జాస్ట్ నోటికి ట్యూబు ముక్క పెట్టి, దాని మీద రేకు వేసి బిగించండి. ఇన్‌టేక్ రబ్బరులో సరిపడే బిరడా పెట్టి క్లాంప్ వేయండి. పాత ప్లగ్‌లోని పింగాణీ తీసేసి, ఆ లోహపు భాగానికి గొట్టం అతికిస్తే అడాప్టర్ తయారు. పిస్టన్‌ని కిందికి దించాలి, అప్పుడే పోర్టులు తెరుచుకుని రెండు గదులూ ఒకటవుతాయి. 250 దాకా గాలి కొట్టి గడియారం చూడండి. నిమిషానికి 50 కంటే ఎక్కువ పడిపోతే లీకు ఉన్నట్టు.

ఎక్కడో కనుక్కోవడానికి సబ్బు నీళ్లు. హెడ్ గ్యాస్కెట్, బ్లాక్ అడుగు, రీడ్ బ్లాక్ (ఇన్‌టేక్‌లోని ఒకవైపు కవాటం) అంచు, మాగ్నెట్ వెనక వైపు బ్రష్‌తో రాయండి. క్లచ్ సీల్ బయటికి కనపడదు కదా, గేర్ ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద సబ్బు పొర నిలబెట్టండి. పొర ఉబ్బితే గాలి గేర్‌బాక్స్‌లోకి వెళ్తోందని అర్థం. బ్రీదర్ గొట్టం మూయడం మరిచిపోవద్దు.

ఒక మెలిక ఉంది. సీల్ పెదవి లోపలి వైపుకి తిరిగి ఉంటుంది కాబట్టి ప్రెషర్ దాన్ని షాఫ్ట్‌కి నొక్కి పట్టేస్తుంది. సక్షన్‌లో మాత్రం లేస్తుంది. అందుకని ప్రెషర్ నిలిచినంత మాత్రాన సీల్ బాగున్నట్టు కాదు. బ్రేక్ బ్లీడింగ్‌కి వాడే చేతి వాక్యూమ్ పంపు దొరికితే అదే ఏర్పాటుతో సక్షన్‌లో కూడా పరీక్షించండి.

షెడ్‌లో_ఆర్‌ఎక్స్

చాలా ఉపయోగం. గేర్ ఆయిల్ దించాను, పోసినదానికంటే బాగా తక్కువ వచ్చింది, పెట్రోల్ వాసన గట్టిగా ఉంది. చోక్ ఎత్తితే రేసింగ్ దిగింది. సీళ్లు మార్చడానికి కేస్ విప్పాల్సిందేనా? ఈలోగా పంపు తీసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపేయమంటున్నారు, మంచిదేనా?

క్రాంక్‌కేస్

మాగ్నెట్ వైపుది కేస్ విప్పకుండానే మారుతుంది. దీనికి మాత్రం పుల్లర్ కొనండి. సుత్తితోనో, రెండు స్క్రూడ్రైవర్లతోనో లాగితే క్రాంక్ వంకర పోతుంది. మాగ్నెట్, స్టేటర్ ప్లేట్ తీశాక షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. చేతికి ఆట తెలిస్తే బేరింగ్ పోయినట్టే, దాని మీద కొత్త సీల్ వేసినా ఎక్కువకాలం ఆగదు. అప్పుడు కేస్ విప్పి రెండు బేరింగులూ మార్చాలి. పాతదాని మీద ఉన్న నంబరే, సీ3 గుర్తుతో (లోపలి సందు కాస్త ఎక్కువుండే రకం) తీసుకోండి.

ఆట లేకపోతే, చంద్రవంక కీ తీసి, ఆ గాడి మీద పలచటి ప్లాస్టిక్ చుట్టి, పెదవికి టూటీ ఆయిల్ రాసి, స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి పెట్టి సీల్‌ని సమంగా నొక్కండి. క్లచ్ వైపు, ప్రైమరీ గేర్ తీశాక సీల్ అంచు కేస్ గాడిలో ఇరుక్కుని కనిపిస్తే తవ్వకండి. కేస్ విప్పే మార్చాలి.

పంపు ఉంచండి. అది రేసింగ్‌నీ థ్రాటిల్‌నీ బట్టి ఆయిల్ ఇస్తుంది, ప్రీమిక్స్ (ముందే పెట్రోల్‌లో ఆయిల్ కలపడం) అలా ఇవ్వలేదు. పనంతా అయ్యాక గొట్టంలో గాలి బుడగలు లేకుండా బ్లీడ్ చేసి, మొదటి ట్యాంకుకి మాత్రం జాగ్రత్తగా లీటరు పెట్రోల్‌కి 20 మి.లీ. టూటీ ఆయిల్ కలపండి. డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉన్న రకం చాలు.

ఆటోనగర్_బోర్

బోర్ సంగతి అడిగారు కాబట్టి. సీళ్లు మార్చాక కూడా కంప్రెషన్ తక్కువుంటేనే బ్లాక్ తీయండి. రింగుని బోర్‌లో పెట్టి, పిస్టన్ తలతో కిందికి సమంగా నెట్టి, నోటి సందు ఫీలర్‌తో కొలవండి. కొత్త రింగుకి 0.2 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, 0.7 దాటితే మార్చాల్సిందే. బోర్ చేయిస్తే ముందు పిస్టన్ కొని ఇవ్వండి, దాన్ని కొలిచే బోర్ కోయాలి. పిస్టన్ ఓవర్‌సైజులు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతాయి, 0.25తో సరిపోయేదానికి 0.50 కోయనివ్వకండి.

బ్లాక్ తిరిగొచ్చాక పోర్టుల అంచుల మీద వేలు పెట్టి చూడండి. పదునుగా తగిలితే వెనక్కి ఇచ్చి చాంఫర్ చేయించండి (అంచు వాలుగా అరగదీయించండి). చాలా లేత్ షాపుల్లో ఈ పని వదిలేస్తారు, రింగు ఆ అంచుకి తగులుకుని విరిగేది అందుకే. బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం ఎగ్జాస్ట్ వైపు, రింగు నోరు గాడిలోని పిన్ను మీద ఉండాలి. గడ్జన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపేది) లాకులు కొత్తవే వేయండి, పాతవి మళ్లీ వాడొద్దు.