హంబన్‌టొటా నుంచి కొవ్వాడ దాకా: పెద్ద దేశం డబ్బు పెడితే మనలాంటివాళ్లకి మిగిలేదేంటి?

పలాస జీడిపప్పు:
శ్రీలంక 2017లో హంబన్‌టొటా రేవుని చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకి రాసిచ్చి 112 కోట్ల డాలర్లు తీసుకుంది. ఐదేళ్లు తిరక్కుండానే, 2022 ఏప్రిల్లో, విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. పెద్ద దేశం అప్పు ఏ రూపంలో వచ్చినా దణ్ణం పెట్టి వద్దనడమే మేలు అంటాను నేను. కాదనేవాళ్లు చెప్పండి.

సోంపేట సీమన్:
కాదంటాను. కార్లు మోసే ఓడలో ఫిట్టర్ని, ఆ రేవు చూశాను. ర్యాంపు దించగానే డ్రైవర్లు గుంపుగా ఎక్కి, ఒక్కో కారూ తోలుకెళ్లి యార్డులో బంపర్లు ఆనేంత దగ్గరగా నిలబెట్టి, వ్యాన్‌లో కూర్చుని మళ్లీ పైకొస్తారు. అందులో మన దేశంలో తయారైన కార్లూ ఉంటాయి. నాకు కనబడ్డ డ్రైవర్లంతా లంకవాళ్లే.

ఇక అప్పు సంగతి. లీజు డబ్బుతో రేవు అప్పు మాఫీ కాలేదు, ఆ డాలర్లు విదేశీ మారక నిల్వల్లో వేసుకున్నారు. మొత్తం విదేశీ అప్పులో చైనాది సుమారు ఐదో వంతు. అంతకన్నా పెద్ద వాటా అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లది. 2019లో పన్నులు తగ్గించారు, కరోనాతో టూరిస్టులు పోయారు, 2021లో రసాయన ఎరువులు రాత్రికి రాత్రి నిషేధించారు. ఇవన్నీ చైనా చెప్పి చేయించిందా?

అలాగని చైనా ధర్మాత్ములని కాదు. 2022 ఆగస్టులో యువాన్ వాంగ్ 5 అనే ఓడ అదే రేవుకి వచ్చింది. పరిశోధన ఓడ అన్నారు వాళ్లు. నిఘా ఓడ అని మనవాళ్లు మొత్తుకున్నా ఆగలేదు.

కోట జంక్షన్:
అంటే తప్పు తీసుకున్నవాడిదే, ఇచ్చినవాడిది కాదు. మా వీధిలో వడ్డీకి తిప్పేవాళ్లూ ఇదే మాట చెప్తారు గురూ.

చీపురుపల్లి మాష్టారు:
బాబూ, సముద్రం దాటి వెళ్లక్కర్లేదు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫ్రెంచి ఫిరంగులు ఎలా వచ్చాయి? ఫ్రెంచి సేనాని బుస్సీ దారి తప్పి రాలేదు. అతనికి కావలసింది పేష్కష్, అంటే జమీందార్లు కట్టే కప్పం వసూలు, విజయనగరం విజయరామరాజుకి కావలసింది పొరుగువాడి నాశనం. ఇద్దరికీ కుదిరింది. కోట బూడిదైంది. కొద్దిరోజుల్లోనే తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచాడు. ఇక్కడిదాకా బుర్రకథల్లో విన్నాం.

తర్వాతిది ఎవరూ పాడరు. విజయనగరం గద్దెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో చెడింది. 1758లో ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీకి కబురు పెట్టాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. సైన్యం ఖర్చు రాజుగారిదని ఒప్పందం, ఆ డబ్బు దగ్గర దారి పొడుగునా పేచీలే. చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు, మరుసటి ఏడు మచిలీపట్నం పడింది. రాజుగారి పంతం నెగ్గింది. 1794లో పేష్కష్ బకాయిల గొడవలో అదే కంపెనీ సైన్యం పద్మనాభం దగ్గర విజయనగరం రాజుని చంపేసింది. ఎవరు పిలిస్తే వచ్చారో ఆ ఇంటినే!

బయటివాడు గోడ దూకి రాడు. ఇంట్లో తగువులున్నప్పుడు ఎవడో ఒకడు గడియ తీస్తాడు. హంబన్‌టొటా లంకని ఏలిన రాజపక్సల కుటుంబానికి సొంత జిల్లా అన్న సంగతి మీరిద్దరూ ఎత్తనే లేదు.

పలాస జీడిపప్పు:
మాష్టారూ, గడియ తీయకపోతే చచ్చే పరిస్థితి అయితే? 1966 కరువులో మనం బతికింది అమెరికా పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద పంపిన గోధుమల మీద. వియత్నాం యుద్ధాన్ని మనం తప్పుపట్టామని అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కి కోపం, వ్యవసాయ విధానం మార్చుకోమని ఒత్తిడి. గింజలు ఒక్కసారిగా ఇవ్వకుండా విడతలు విడతలుగా వదిలాడు. అదే ఏడు జూన్‌లో రూపాయి విలువ తగ్గించాం, డాలరు 4.76 నుంచి 7.50కి పోయింది. ఆకలితో ఉన్నవాడు బేరమాడగలడా?

చీపురుపల్లి మాష్టారు:
కష్టమే. అయినా ఆడాం. ఓ పక్క అమెరికా గోధుమ తింటూనే రష్యావాళ్లతో భిలాయ్ ఉక్కు కర్మాగారం కట్టించాం, 1979లో వైజాగ్ స్టీల్‌కీ వాళ్లతోనే ఒప్పందం. మా పిల్లల పుస్తకాలకి అట్టలన్నీ రష్యావాళ్ల పత్రిక ‘సోవియట్ భూమి’ కాగితాలే, తళతళలాడేవి, వానకి తడిసినా తొందరగా చిరిగేవి కావు. అట్టలు వేసినంత మాత్రాన ఊరంతా కమ్యూనిస్టులైపోలేదు.

లావేరు రోడ్డు:
అందరూ చరిత్రే చెప్తున్నారు. రణస్థలం మండలం కొవ్వాడ మాటేంటి? 2008 అణు ఒప్పందం అయ్యాక అమెరికా రియాక్టర్లకి చూసిన చోట్లలో ఇదొకటి. గుజరాత్ మీఠీ విర్దిలో జనం భూములివ్వమంటే అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరూ ఇటు తోశారు, ఒక్కోటీ 1208 మెగావాట్లు. ఆ కంపెనీయే 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. వాళ్ల దేశంలో, జార్జియా రాష్ట్రంలో కట్టిన రెండింటికే ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది.

మా పెద్దమ్మావాళ్లది ఆ పక్క ఊరే. రేకు చిల్లు పడితే టార్పాలిన్ కప్పుతారు తప్ప కొత్త రేకు వెయ్యరు. ఎలాగూ పోయే ఇల్లే కదా అని. ఆ ఊరికి పిల్లనివ్వాలన్నా ఆలోచిస్తారు. పోవడమూ లేదు, ఉండడమూ లేదు.

సోంపేట సీమన్:
అదే డిజైన్ రియాక్టర్లు చైనాలో నాలుగు నడుస్తున్నాయి బ్రదర్. అమెరికా టెక్నాలజీ తీసుకున్నారు, అమెరికా మాట వినడం లేదు.

లావేరు రోడ్డు:
వాళ్లు తయారీ కూడా నేర్చుకున్నారు. మనం 2010 చట్టంలో, ప్రమాదం జరిగితే పరికరాలు అమ్మినవాడి మీదికీ వెళ్లే వీలు పెట్టాం. భోపాల్ చూసిన దేశం మరి. దాన్ని సడలించమని అమెరికా కంపెనీలు ఏళ్లతరబడి పోరాయి, 2025లో తెచ్చిన కొత్త చట్టంలో ఆ వీలు తీసేశారు. తమ సరుకు మీద అంత నమ్మకముంటే ఆ భయమెందుకు?

బొబ్బిలి వీణ:
మనమేదో ఎప్పుడూ బాధితులమన్నట్టు మాట్లాడుతున్నారు. 2015లో నేపాల్ రాజ్యాంగం మనకి నచ్చలేదు, సరిహద్దులో లారీలు నెలల తరబడి ఆగిపోయాయి. దిగ్బంధం కాదు, అక్కడి మధేశీల, అంటే మన సరిహద్దు వెంబడి మైదానాల్లో ఉండేవాళ్ల ఆందోళన అని ఢిల్లీ అంది. గ్యాస్ బండ దొరక్క కట్టెలతో వండుకున్న ఖాట్మండు ఇల్లాలిని అడగండి.

కోట జంక్షన్:
వీణగారూ, లంకకి 2022లో దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసిందీ ఢిల్లీయే. అదీ లెక్కలో వేయండి.

బొబ్బిలి వీణ:
వేశాను. బదులుగా ఏం అడిగారో మీరూ నేనూ చదవలేదు కదా.

చీపురుపల్లి మాష్టారు:
అసలు తగువు అక్కడే ఉందమ్మా. రష్యా, చైనా, అమెరికా, మనం, ఎవరైనా కానీ. కొవ్వాడ కరెంటు యూనిట్ ఎంతకి కొంటారో, తేడా వస్తే ఎవరు కడతారో, తెలుగులో అచ్చువేసి రణస్థలం గ్రామసభలో చదివి వినిపించమనండి. ఆ రేటు మన జనం మోయగలిగిందైతే, నేనే వచ్చి ముందు వరసలో కూర్చుని చెయ్యెత్తుతాను.

లావేరు రోడ్డు:
ముందు పెద్దమ్మకి ఆ రేకు వేయించుకోవచ్చో లేదో చెప్పమనండి మాష్టారూ. యూనిట్ రేటు తర్వాత చూద్దాం.