సాధనలో గెలిచే అమ్మాయి పోటీలో ఎందుకు తడబడుతోంది?

గుంటూరు నాన్న:
మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, బ్యాడ్మింటన్ ఆడుతుంది. అకాడమీలో తనకంటే పెద్దవాళ్లను కూడా ఓడిస్తుంది. జిల్లా పోటీలకు వెళితే మాత్రం 18–15 ఆధిక్యంలో ఉన్న గేమ్‌ను చేజార్చుకుంటుంది. షార్ట్ సర్వీస్ నెట్‌కు తగులుతుంది, లేదంటే ఎత్తుగా లేచి ఎదుటివాళ్లకు దొరికిపోతుంది. మొన్న చేయి వణకడం గ్యాలరీలోంచే కనిపించింది. "టెన్షన్ పడకు తల్లీ" అని అరుస్తూనే ఉన్నాను, లాభం లేదు. మానసిక నిపుణులకు చూపించాలా?

డ్రిల్లు మాస్టారు:
అయ్యా, ముందు ఆ అరుపు ఆపండి. మీరు అరిచిన ప్రతిసారీ పిల్ల ఆట వదిలేసి మీ ముఖం చూస్తుంది.

అకాడమీలో ప్రతి గేమూ సున్నా నుంచే మొదలవుతుంది, ఓడినా పోయేదేమీ లేదు. నేను మా పిల్లలను 17–19 దగ్గర నుంచి ఆడిస్తాను. మిగతావాళ్లు కోర్టు చుట్టూ చేరి గోల చేయాలి. ఓడినవాళ్లు ఆ సాయంత్రం షటిళ్లన్నీ ఏరాలి. శిక్ష చిన్నదే, కానీ పరువు పోతుందిగా, అరచేతులు నిజంగానే చెమర్చుతాయి. ఆ చేతితో సర్వీస్ చేయడం అలవాటు కావాలి. మీ అమ్మాయి ముందుండి ఓడుతోంది కాబట్టి ఆమెకు 18–15 ఆధిక్యం ఇచ్చే మొదలుపెట్టించండి.

సర్వీస్‌కు ముందు రాకెట్ తీగలు సర్దుకోవడం, ఊపిరి నిదానంగా వదలడం, షటిల్ ఎక్కడ పడాలో చూడటం. స్కోరు 2–2 అయినా 20–20 అయినా ఇదే వరుస. గేమ్‌లో ఎవరో ఒకరు 11 పాయింట్లకు చేరగానే వచ్చే 60 సెకన్ల విరామంలో కోచ్ ఒక్క మాటే చెప్పాలి. తప్పులన్నీ ఏకరువు పెడితే పిల్లకు ఏదీ గుర్తుండదు.

ఇక, ఓడిన పిల్లకు ముద్ర వేయకండి. సింధు 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ రెండూ ఓడితే, ఫైనల్ అంటే ఆమెకు భయమని తేల్చేసినవాళ్లు ఎందరో! 2019 ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహారాను 21–7, 21–7తో చిత్తు చేసింది.

హర్డిల్స్ అక్క:
2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ వీడియో అమ్మాయికి చూపించండి. తుపాకీ పేలకముందే చైనా అమ్మాయి కదిలితే, అధికారులు మన విశాఖ జ్యోతి యర్రాజిని కూడా తప్పించబోయారు. వాదన తర్వాత ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. అంత రభస జరిగాక మళ్లీ బ్లాకుల్లోకి వెళ్లి 12.91 సెకన్లలో ముగించింది. చైనా అమ్మాయిపై వేటు పడటంతో కాంస్యం కాస్తా రజతమైంది.

నాకైతే పరుగుకు ముందు ప్రతిసారీ కడుపులో తిప్పేది. అది పోవాలని చూడలేదు. మొదటి హర్డిల్ దాకా ఎనిమిది అడుగులు, వాటి మీదే ధ్యాస. అయితే నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా నిపుణులకు చూపించడంలో ఆలస్యం చేయకండి అన్నయ్యా.

గుంటూరు నాన్న:
నిద్ర, తిండి బాగానే ఉన్నాయమ్మా. మాస్టారూ, ఆదివారం మ్యాచ్‌కు అసలు నన్ను రమ్మంటారా, వద్దంటారా?

డ్రిల్లు మాస్టారు:
రండి, కానీ ఆమెకు ఎదురుగా కూర్చోకండి. తిరుగు బస్సులో ఆట మాట ఆమె ఎత్తితేనే మీరు ఎత్తండి.