అమ్మ అమెరికా పోతున్నది, బయట బాత్రూముల సంగతి ఎట్ల?

మర్రిగూడ ఆడబిడ్డ:
అందరికి నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. అమ్మ వచ్చే నెల డల్లాస్‌ల ఉండే మా తమ్ముని దగ్గరికి పోతున్నది. ఇంట్ల కమోడ్ పక్కకు నీళ్ల పైపు పెట్టించిండు, ఆ రంది లేదు. నా భయమంత బయటికి పోయినప్పుడే. అక్కడ అన్ని చోట్ల కాగితమేనంట. తలుపు కింద అడుగు మందం సందు ఉంటదంట, కాళ్లు కనవడ్తయంట.

దేవరకొండల హైదరాబాద్ బస్సెక్కాలంటే పొద్దటి సంది నోట్ల చుక్క నీళ్లు పోసుకోని మనిషి మా అమ్మ. తమ్ముడేమో హ్యూస్టన్ దగ్గరి మీనాక్షి గుడికి తీస్కపోతనంటున్నడు, కార్ల నాలుగు గంటలు. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు ఎప్పుడో బిగుసుకపోయినయి, బీపీ గోలీలు వేసుకుంటది. నీళ్లు తాగక ఏమైతదోనని నాకు నిద్ర పడ్తలేదు. కొడుకుతోని ఈ ముచ్చట మాట్లాడదు. మీ అమ్మలు ఎట్ల చేసిన్రో చెప్పున్రి.

సూర్యాపేట, ఇప్పుడు న్యూజెర్సీ:
అక్కా, సన్నగ ధార వచ్చే మూత ఉన్న చిన్న బాటిల్ అమ్మ బ్యాగుల ఎప్పటికి ఉండాలె. శంషాబాద్‌ల చెకింగ్ అయినంక నింపుకొమ్మను, విమానంల గూడ పైపు ఉండదు.

బయట ఫ్యామిలీ రెస్ట్‌రూమ్ అని బోర్డు ఉంటే అండ్లకే పొమ్మను. ఎయిర్‌పోర్టులల్ల, పెద్ద పెద్ద షాపులల్ల ఉంటది. అది విడిగ ఒక గది. తలుపు నిండుగ పడ్తది, సింకు లోపల్నే, బాటిల్ అక్కడ్నే నింపుకోవచ్చు. గోడకు కడ్డీ ఉంటది, పట్టుకొని లేవొచ్చు. తోడు మనిషి గూడ లోపలికి పోవచ్చు.

ఇంకోటి. కొన్ని కమోడ్లు మనిషి జరంత కదిలితే చాలు, కూసున్నప్పుడే భళ్లున నీళ్లు వదుల్తయి. మా అత్తమ్మ అదిరిపడి బయటికొచ్చింది, ఆ దినమంత మళ్ల పోలే. ఎనుక గోడకు చిన్న నల్లటి కన్ను ఉంటది, దాని మీద కాగితం ముక్క కప్పితే ఆగుతది. ఇది మాత్రం ముందే చెప్పి పంపు.

జడ్చర్ల:
నేనుండేది జర్మనీల. ఇక్కడ హైవే మీద చాన చోట్ల ఒక యూరో వేస్తేనే గేటు తెరుచుకుంటది. అమెరికాల హైవే పక్కన రెస్ట్ ఏరియాలు ఉచితం, పెట్రోల్ బంకులల్ల గూడ పైసలు అడగరు. వాడిన కాగితం కమోడ్‌లనే వెయ్యాలె, తడి టిష్యూలు మాత్రం బుట్టల.

నల్లగొండ నర్సు:
నీళ్లు మానేస్తే, మూత్రం ఆపుకుంటే ఇన్ఫెక్షన్ వస్తది, పెద్దోళ్లకు కండ్లు తిరుగుతయి. కొన్ని బీపీ గోలీలకు మూత్రం ఎక్కువొస్తది. ప్రయాణం నాడు ఏ టైముకు వేసుకోవాల్నో డాక్టర్‌ను అడుగున్రి, సొంతంగ మాత్రం ఆపొద్దు.

మర్రిగూడ ఆడబిడ్డ:
మరదలికి ఫోన్ చేసిన. గంటన్నరకోసారి బండి ఆపిపిస్త, నేనే తోల్కపోత వదినా అన్నది. బాటిల్ రేపు తెస్త, ఇంట్లనే అమ్మకు అలవాటు చేపిస్త. చీర తడి నేలకు ఆనకుండ ఎట్ల పట్టుకోవాల్నో తెలిసినోళ్లు చెప్పున్రి, ఆమె వేరే బట్టలు కట్టదు.