ట్రిగ్గర్ నొక్కగానే ఆగిపోతున్న పాత రంపం మిషను: కిట్ వేయాలా, కార్బురేటరే మార్చాలా?

నమస్తే అండీ. సరుగుడు తోట ఉన్న రోజుల్లో మా నాన్న కొన్న పెట్రోల్ రంపం మిషను, 58 సీసీ. రెండేళ్లు పాకలో పడుంది. మొన్నటి గాలివానకి దొడ్లో మామిడిచెట్టు ఒరిగితే బయటికి తీశాను.

చోక్ లాగి నాలుగైదు సార్లు తాడు గుంజితే స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో బుద్ధిగానే నడుస్తుంది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కామా, గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. చోక్ సగం వేసి ఉంచితే కాసేపు లాగుతుంది. అంటే పెట్రోల్ చాలట్లేదనే కదా?

పాత పెట్రోల్ పారబోసి, లీటరుకి 40 మిల్లీ టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ కలిపి కొత్తది పోశాను. ప్లగ్గు కొత్తది. తీగ వంచి ట్యాంకులోంచి ఫిల్టర్ లాగితే పైపు పుటుక్కున తెగింది (ఎండిన తమలపాకు తొడిమలా ఉంది!). రెండూ మార్చినా అదే వరస.

నిన్న కార్బురేటర్ విప్పాను. మెత్తగా ఉండాల్సిన డయాఫ్రమ్ (పెట్రోల్ అందించే పల్చటి పొర) ఎక్స్‌రే ఫిల్ములా టపటపమంటోంది. ఇథనాల్ పెట్రోల్ నిలవ ఉండటం వల్లేనా? డయాఫ్రమ్ కిట్ ఒక్కటే వేస్తే చాలా? మా ఊరి బైక్ మెకానిక్ "హెచ్ స్క్రూ విప్పెయ్, సరిపోద్ది" అంటున్నాడు (ఫుల్ స్పీడులో పెట్రోల్ ఎక్కువ తక్కువ చేసే స్క్రూ అది). ఎక్కడైనా గాలి లీకవుతుంటే స్క్రూతో కప్పిపుచ్చి, చివరికి పిస్టన్ పట్టేస్తుందేమోనని నా భయం. క్రాంక్ సీలు (ఇంజిన్ ఇరుసు దగ్గర గాలి చొరబడకుండా ఆపే రబ్బరు వలయం) కారుతోందో లేదో ఇంట్లోనే చూసే ఉపాయం ఉందా?

ఇంకోటి, బార్‌కి (చైను తిరిగే పట్టీకి) ఆయిల్ రావట్లేదు. రంధ్రం పిన్నీసుతో పొడిచాను, రంపపు పొట్టు ముద్దలా వచ్చింది, అయినా చైను పొగలే. పంపు పోయిందంటారా?